వికలాంగ విద్యార్థులును సహాయసాధనములును

పాఠశాల తనయొద్దకు వచ్చు ప్రతి బిడ్డయు నాలుగు పనులు చేయగలడని ముందుగానే తలంచుకొనుచున్నది. బిడ్డ నడచి రాగలడు. నల్లబల్లమీది వ్రాతను చూడగలడు. ఉపాధ్యాయుని మాటను వినగలడు. అచ్చుపుస్తకమును చదివి తెలిసినదానిని వ్రాయగలడు. మెట్లు, బల్లలు, పుస్తకములు, పరీక్షలు అన్నియు ఈ తలంపుమీదనే యేర్పడినవి. ఈ నాలుగింటిలో ఒకటి కొరవడిన బిడ్డ గుమ్మమునొద్దకు వచ్చినయెడల, ఆ బిడ్డకు లోపమున్నదని లోకము పలుకును. బడి కట్టుబాటులో లోపమున్నదేమో యని విచారించువారు అరుదు. నేటి కాలమున ఈ కొరతను పూరించుటకు అనేక యంత్రములును సాధనములును వచ్చియున్నవి. అవి యెట్లు పనిచేయునో, వాటితోకూడ మనము ఏమి చేయనిదే అవి ఫలింపవో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

కపెర్నహూములో పక్షవాయువుగల యొకనిని నలుగురు మోసికొనివచ్చిన వృత్తాంతము మన ఆదివారపు బడి పిల్లలందరును ఎరిగినదే. ఇల్లంతయు జనులతో నిండి వాకిటను కూడ చోటు లేకపోయెను. ఆ నలుగురు రోగిని వెనుకకు కొనిపోక, ఇంటిమీదికెక్కి కప్పు విప్పి, పరుపుతోకూడ అతనిని ప్రభువు ఎదుటకు దింపిరి. ఉపాధ్యాయుడు ఈ వృత్తాంతమును చదివినయెడల మూడు సంగతులు కనబడును. పరుపు ఒక సాధనము. అది లేనిదే రోగిని కదలించుట దుర్లభము. అయితే పరుపు తానుగా నడువదు, మోయువారు కావలెను. మోసికొనివచ్చినను, కప్పు విప్పనిదే లోపలికి త్రోవ లేదు. సాధనము, తోడు, త్రోవ అను ఈ మూడును కూడినప్పుడే పని నెరవేరెను. తరగతి విషయమునను ఇంతియే.

ఈ సంగతి మన కొల్లూరునకు ఏల ముఖ్యమో చెప్పెదము. ఒకప్పుడు పొలములుగా నుండిన ఈ చుట్టుపట్లు ఇప్పుడు అవుటర్ రింగు రోడ్డుతోను, మేడలతోను, కర్మాగారములకు పోవు బస్సులతోను నిండియున్నవి. 2023 జూన్ 22వ తేదీన ఇక్కడ ప్రారంభింపబడిన రెండు పడకగదుల యిండ్ల కాలనీలోనే 15,660 ఇండ్లు కలవు. పటాన్‌చెరు, రామచంద్రాపురము, పాశమైలారము పారిశ్రామిక వాడలలో పనికై పలు జిల్లాలనుండియు పలు రాష్ట్రములనుండియు వచ్చిన కుటుంబములు మన చుట్టును కాపురమున్నవి. ఇట్టి యిండ్లలో తండ్రి రాత్రి షిఫ్టునకును తల్లి పగటి పనికిని పోవుటయు కలదు. చూపులేని బిడ్డనో వినికిడిలేని బిడ్డనో ప్రతిదినము నగరములోని ప్రత్యేక పాఠశాలకు కొనిపోయి మరల తోడుకొనివచ్చుట అట్టివారికి సాధ్యము కాదు. వసతిగృహమున విడుచుటకు మనసు రాదు. కడపట బిడ్డ ఇంటనే యుండిపోవును. లేదా సమీప పాఠశాలలో పేరు వ్రాయించుకొని వెనుక బల్లమీద ఊరక కూర్చుండును. హాజరుపట్టీలో పేరుండుట వేరు, పాఠములో పాలు కలిగియుండుట వేరు. ఆ రెంటి నడుమనున్న దూరమును తగ్గించుటయే మన పని.

2011 జనాభా లెక్కలలో మన దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులుగా లెక్కింపబడిరి. అనగా నూరుగురిలో ఇద్దరికి పైగా. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను మాత్రమే పేర్కొనెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక విధములను గుర్తించినది. ఈ చట్టము ప్రకారము నూటికి నలువది పాళ్లుగాని అంతకు మించిగాని వైకల్యముగల 6 మొదలు 18 ఏండ్ల బిడ్డకు, సమీప పాఠశాలలోగాని తాను కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. పుస్తకములు, సహాయపరికరములు, పరీక్షలో అధిక సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు మొదలగు సౌకర్యములును అందు చెప్పబడినవి. కాబట్టి ఇది మన దయమీద ఆధారపడిన విషయము మాత్రమే కాదు. బిడ్డకు మనము చెల్లింపవలసిన బాకీ.

చూపు

చూపులేనివారికి అక్షరము మొదట ఆరు చుక్కల రూపమున వచ్చినది. ఫ్రాన్సు దేశమున 1809లో పుట్టిన లూయీ బ్రెయిల్, గుఱ్ఱపు జీనులు మొదలగు తోలుపని చేయు తండ్రి దుకాణములో మూడేండ్ల ప్రాయమున కంటికి గాయము తగిలి, క్రమముగా రెండు కన్నులును పోగొట్టుకొనెను. చార్లెస్ బార్బియే అనునతడు కల్పించిన పండ్రెండు చుక్కల పద్ధతిని తగ్గించి, అతడు తన పదునైదవ యేట ఆరు చుక్కల లిపిని సిద్ధపరచెను. 1829లో దానిని ప్రకటించెను. రెండు నిలువు వరుసలు. ఒక్కొక్క వరుసకు మూడు చుక్కలు. ఎడమవైపు వరుసకు పైనుండి క్రిందికి 1, 2, 3 అనియు, కుడివైపు వరుసకు 4, 5, 6 అనియు లెక్క. ఏ చుక్కలు ఉబ్బియున్నవో దానినిబట్టి 63 గుర్తులు ఏర్పడును.

మన దేశమున 1887లో అమృతసరములో అంధులకు పాఠశాల స్థాపించి దారి చూపినది ఆనీ షార్ప్ అను మిషనెరీ దొరసాని. ఆ కాలమున ఈ లిపిని దేశభాషలకు అమర్చు పద్ధతులు పలువిధములుగా నుండెను. 1951లో భారతీ బ్రెయిలీ అంగీకరింపబడిన పిమ్మట దేశభాషలన్నిటికిని ఒక సామాన్య పద్ధతి కుదిరెను. అందు 1, 3 చుక్కలు 'క'. 1, 2, 3 చుక్కలు 'ల'. ఈ రెండు గుర్తులను ప్రక్కప్రక్కన నుంచిన 'కల' అగును. మన అచ్చులో గుణింతపు గుర్తు అక్షరమునకు పైననో ప్రక్కననో చేరుచుండగా, బ్రెయిలీలో అది హల్లు తరువాత వరుసలోనే వచ్చును. కావున 'క' పిమ్మట 'ఆ' గుర్తును, దాని పిమ్మట 'ల'ను ఉంచిన 'కాల' అగును. పలకమీద మొనతో చుక్కలు పొడుచునప్పుడు కుడినుండి ఎడమకు, అద్దములోవలె త్రిప్పి వ్రాయవలెను. కాగితమును తిరుగవేసినప్పుడు చుక్కలు ఉబ్బి, ఎడమనుండి కుడికి చదువుటకు వీలగును. ఇందు నేర్పు పొందిన బిడ్డ తన చేతితో వ్రాసి తన వ్రేలితో చదువగలడు. అక్షరక్రమము, వత్తులు, విరామములు చెవితో వినుటకంటె వ్రేలితో తాకుటవలన బాగుగా అలవడును. యంత్రము వచ్చినదని బ్రెయిలీని మానరాదు.

అయితే బ్రెయిలీ పుస్తకము మిక్కిలి స్థూలమైనది. అచ్చులో ఒక సంపుటము బ్రెయిలీలో పలు సంపుటములగును. వాటిని ముద్రించు స్థలములు కొద్ది. ఇచ్చట కంప్యూటరును ఫోనును అక్కరకు వచ్చుచున్నవి. తెరమీది అక్షరములను పైకి చదివి వినిపించు సాఫ్టువేరును స్క్రీన్ రీడరు అందురు. ఆస్ట్రేలియాలో తానును అంధుడైన మైకేల్ కరన్ 2006లో ఆరంభించి, అట్టివాడేయైన జేమ్స్ టే తోడ పెంపొందించిన ఎన్‌విడిఏ అను స్క్రీన్ రీడరు ఉచితముగా లభించుచున్నది. ఆండ్రాయిడు ఫోనులలో టాక్‌బ్యాక్ అనునది సెట్టింగులలో సిద్ధముగా నుండును. తెలుగును పలుకు స్వరములును ఇప్పుడు కలవు. మనకు దూరము కాని గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో తెలుగు మాటను యంత్రముచేత పలికించుటను గూర్చియు, అచ్చు తెలుగును యంత్రముచేత చదివించుటను గూర్చియు పరిశోధనలు జరిగినవి.

ఇంతవరకు వచ్చి, తరగతిలో పని నిలిచిపోవు చోటు ఒకటి కలదు. దానిని ఉపాధ్యాయులును, ప్రశ్నపత్రములు టైపు చేయువారును తప్పక ఎరుగవలెను. కంప్యూటరు అక్షరములను బొమ్మలుగా గాక సంఖ్యలుగా దాచును. 1991లో వెలువడిన యూనికోడు ఏర్పాటు ప్రకారము తెలుగు 'క'కు సంఖ్య 3093. లోకమునందలి యే కంప్యూటరులోనైనను ఆ సంఖ్య మన 'క'నే సూచించును. గాని అంతకు పూర్వపు పద్ధతిని అనుసరించిన తెలుగు ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యల చోటనే తెలుగు ఆకారములను గీసినవి. అచ్చుపడిన కాగితము కంటికి చక్కని తెలుగు. స్క్రీన్ రీడరునకు మాత్రము అది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. ఇట్టి ఫాంటులు నేటికిని డీటీపీ దుకాణములలో వాడుకలో నున్నవి. చూపులేని విద్యార్థి ఖరీదైన కంప్యూటరు ఎదుట కూర్చుండి, మనమిచ్చిన పాఠమును తెరచి, ఒక్క మాటయు గ్రహింపలేకపోవుటకు తరచుగా ఇదియే కారణము. పుస్తకపు పుటను ఫోటో తీసి పంపినను అట్లే యగును. అది యంత్రమునకు చిత్రమేగాని వ్రాత కాదు. చిత్రమునుండి వ్రాతను వేరుచేయు సాఫ్టువేరులు కలవుగాని, అవి మన వత్తులయొద్దను గుణింతములయొద్దను తడబడును. పెద్దవారొకరు సరిచూచిన పిమ్మటనే బిడ్డకు ఇయ్యవలెను.

దీనికి చికిత్స సులభము. మండలి, రామభద్ర, సూరన్న మొదలగు యూనికోడు ఫాంటులు ఉచితముగా దొరకును. టైపు చేసిన పాఠమును ఇచ్చుటకు ముందు ఒక ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి రెండు వాక్యములు వినిన చాలును. అది తెలుగు పలికినయెడల బిడ్డకును పలుకును. పరికరము కొనుటకు వేల రూపాయలు కావలెను. ఈ పరీక్షకు ఒక్క నిమిషము చాలును. ఆ నిమిషము లేనియెడల ఆ వేలు వ్యర్థము. వృత్తాంతములోని కప్పు విప్పుట యన్నది మన కాలమున ఒక్కొక్కప్పుడు ఫాంటు మార్చుటయే.

పుస్తకములను ఇట్లు మార్చుట చట్టవిరుద్ధమేమో యను సంశయము కొందరికి కలదు. 2012లో సవరింపబడిన మన గ్రంథస్వామ్య చట్టము వికలాంగులకై పుస్తకములను వారికి అందు రూపములలోనికి మార్చుటకు అనుమతి నిచ్చినది. ఇదే ఉద్దేశముతో 2013లో మరాకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను మొట్టమొదట స్థిరపరచిన దేశము భారతదేశము. అది 2014లో జరిగెను. 2016లో ఆరంభమైన సుగమ్య పుస్తకాలయము అను ఆన్‌లైను గ్రంథాలయములో అట్టి పుస్తకములు లభించును.

చూపులేనివారు విజ్ఞానశాస్త్రమును చదువగలరా యను ప్రశ్నకు మన తెలుగుదేశముననే ఉత్తరము దొరికినది. మచిలీపట్టణము చేరువ సీతారామపురములో 1991లో పుట్టుకతోనే చూపులేక జన్మించిన శ్రీకాంత్ బొల్లా హైదరాబాదులోని దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివెను. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినను, పటములును రేఖాచిత్రములును చూడవలసియుండునను కారణముచేత అంధులు పదునొకండవ తరగతిలో విజ్ఞానశాస్త్రము చదువరాదని అప్పటి నియమము అడ్డుపడెను. తన గురువులలో ఒకరి తోడ్పాటుతో అతడు న్యాయస్థానమునకు పోయి, ఆరు నెలలకు అనుకూలమైన తీర్పు పొందెను. పాఠ్యపుస్తకములు శబ్దరూపమునకు మార్చబడెను; వాటిని విని చదివి, పన్నెండవ తరగతిలో నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. పిమ్మట అమెరికాలోని మసాచూసెట్సు సాంకేతిక విద్యాలయమున చదివి, తిరిగి వచ్చి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అను సంస్థను స్థాపించి వికలాంగులకు పని కల్పించెను. 2024లో అతని జీవితము చలనచిత్రముగా వచ్చినందున మన పిల్లలలో అనేకులు ఆ పేరు ఎరుగుదురు.

ఈ చరిత్రలో మనము గమనింపవలసినది మార్కులు మాత్రమే కాదు. న్యాయస్థానము త్రోవ తెరచెను. కాని పుస్తకము చెవికి అందునట్లు చేయుటకు మనుష్యులు కావలసివచ్చెను. అడ్డమని చెప్పబడిన పటము మాటకు వచ్చినయెడల, దానికి కావలసినది దళసరి కాగితము, జిగురు, దారము. త్రిభుజపు భుజములకు దారమును, పూవు భాగములకు వేరువేరు గుడ్డపీలికలను, నదికి ఇసుకను అంటించిన పటము వ్రేలికి కనబడును. దానిని తోటి విద్యార్థులే డ్రాయింగు పీరియడులో చేయవచ్చును. దానితోకూడ ఉపాధ్యాయుని మాటయు మారవలెను. నల్లబల్లమీద చూపించుచు "ఈ గీత, ఆ గీత" అని పలికినచో చూపులేని బిడ్డకు ఏమియు తెలియదు. "అ, ఇ బిందువులను కలుపు గీత" అని పలికినయెడల ఆ బిడ్డకును తెలియును, వెనుక బల్లమీద నిద్రపోవువానికిని తెలియును.

మరియొక మాట. అంధులని పిలువబడు బిడ్డలందరికిని చూపు బొత్తిగా లేకుండదు. కొంత చూపుగలవారికి పెద్ద అక్షరములు, నల్లని మందమైన గీతలు, భూతద్దము, వెలుతురు కంటిలో పడని చోటును ఇచ్చిన చాలును. హైదరాబాదులో 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థలో, చికిత్సచేత చూపు తిరిగిరానివారికి అట్టి సాధనములను వాడుట నేర్పు విభాగము కలదు.

వినికిడి

చెవిటివాని ముందు శంఖమూదినట్లు అను సామెతను వ్యర్థప్రయత్నమునకు చెప్పుదురు. ఉపాధ్యాయుడు ఈ సామెతను ఇంకొక విధముగా గ్రహింపవలెను: శంఖము వినబడనిచోట బిగ్గరగా ఊదుటవలన లాభము లేదు, వేరు ఉపాయము వెదకవలెను.

ఇంటివారు చెవిమిషను అని పిలుచు పరికరములో ఒక మైక్రోఫోను శబ్దమును గ్రహించును. లోపలి యంత్రము దానిని పెంచును. చిన్న స్పీకరు చెవిలోనికి పంపును. అయితే అది ఉపాధ్యాయుని మాటతోపాటు ఫ్యాను చప్పుడును, వీధిలో పోవు లారీ మోతను కూడ చాలవరకు పెంచుచుండును. మరియు శబ్దము దూరమైన కొలది క్షీణించును. బయలు ప్రదేశమున దూరము రెండింతలైన తీవ్రత నాలుగవ వంతగును. అందుచేత మూడడుగుల దూరమున మాట గ్రహించు బిడ్డ పండ్రెండడుగుల దూరమున ఏదో చప్పుడు మాత్రమే వినవచ్చును. ఇందుకై ఉపాధ్యాయుని మెడయొద్ద చిన్న మైకు ఉంచి, మాటను రేడియో తరంగములద్వారా నేరుగా బిడ్డ చెవిమిషనుకు పంపు పరికరములు వచ్చినవి. అవి లేనిచోట ముందు బల్ల, కిటికీకి దూరముగానున్న స్థానము, ఉపాధ్యాయుని ముఖముమీద వెలుతురు, ఇవియే మొదటి సాధనములు.

చెవి లోపలి భాగము బొత్తిగా పనిచేయనివారికి కాక్లియర్ ఇంప్లాంటు అను శస్త్రచికిత్స కలదు. ఇందు శబ్దమును విద్యుత్సంకేతములుగా మార్చి, లోపలి చెవిలో అమర్చిన సన్నని తీగెద్వారా నరమునకు అందింతురు. అప్పటి ఆంధ్రప్రదేశములో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున ఈ చికిత్సయు చేర్చబడినందున పేదల బిడ్డలును దీనిని పొందిరి. అయితే శస్త్రచికిత్సతో మాట రాదు. ఎన్నడును విననివాడు శబ్దమును మొదట వింటను, పిమ్మట వేరుపరచుటను, కడపట అర్థము చేసికొనుటను నేర్చుకొనవలెను. దానికి పసితనమునందే ఆరంభించి ఏండ్లతరబడి అభ్యాసము చేయింపవలెను.

ప్రతి ఉదయము హాజరు పిలుచుటకు ముందు ఉపాధ్యాయుడు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. నోటికి కాగితము అడ్డము పెట్టుకొని ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అను ఆరు ధ్వనులను ఒక్కొక్కటిగా పలికి, బిడ్డను తిరిగి పలుకుమనుట. మన మాటలలోని మంద్రధ్వనులు మొదలు తీక్ష్ణధ్వనులవరకు ఈ ఆరింటిలో ఇమిడియున్నవి. నిన్న విన్న ధ్వనిని బిడ్డ నేడు విననియెడల బ్యాటరీ అయిపోయినదనిగాని, చెవిలో గులిమి అడ్డుపడినదనిగాని, మరియొక చెడుగు కలదనిగాని తెలిసికొనవచ్చును. లేనియెడల చచ్చిన బ్యాటరీతో బిడ్డ వారమంతయు కూర్చుండును. మనము అశ్రద్ధయని మందలింతుము.

పెదవుల కదలికను చూచి మాట గ్రహించుటయు కొంత సాధ్యమే. గాని దానికి మేర కలదు. అద్దము ముందర నిలిచి చప్పుడు లేకుండ 'పాట, బాట, మాట' అని పలికి చూడుడు. మూడును ఒక్కటిగానే కనబడును. కావున నోటిమాటతోపాటు ముఖ్యపదములను నల్లబల్లమీద వ్రాయవలెను. బల్లవైపు తిరిగి మాటలాడరాదు. ఫోనులో మాటను వ్రాతగా మార్చు సౌకర్యము తెలుగునకును వచ్చినది. గోలలేని గదిలో, ఒకరే నిదానముగా మాటలాడునప్పుడు అది బాగుగా పనిచేయును, పదిమంది ఒక్కసారి పలికినయెడల తడబడును. సంజ్ఞాభాషయే మాతృభాషయైన బిడ్డలును కలరు. భారతీయ సంజ్ఞాభాష నిఘంటువు 2018లో 3,000 మాటలతో వెలువడి, 2021 నాటికి 10,000 మాటలకు పెరిగినది. దానిని ఉచితముగా చూడవచ్చును. తరగతిలో ఇరువదిమంది ఇరువదేసి సంజ్ఞలు నేర్చినయెడల ఆ బిడ్డ ఆటస్థలమున ఒంటరిగా నుండడు.

నడక

మన ప్రక్కనున్న భానూరులో క్షిపణులు చేయు కర్మాగారము కలదని పిల్లలు ఎరుగుదురు. క్షిపణి విద్యకును కుంటిబిడ్డ నడకకును ఒకప్పుడు హైదరాబాదులో సంబంధము కలిగినది. 1989లో మొదటిసారి ఎగిరిన అగ్ని క్షిపణికై తేలికయైన, గట్టియైన కార్బను మిశ్రమపదార్థము సిద్ధపరచబడెను. నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు ఆ పదార్థమును చేత పట్టి చూచి, దాని తేలికకు ఆశ్చర్యపడి, డాక్టరు అబ్దుల్ కలాముగారిని తన ఆసుపత్రికి తోడుకొనిపోయెను. అచ్చట బిడ్డలు మూడు కిలోలకు మించిన లోహపు కాలిపర్లను ఈడ్చుకొనుచు నడచుచుండిరి. కొలది వారములలో కలాముగారి బృందము 300 గ్రాముల కాలిపర్లను చేసియిచ్చెను. తమకు కలిగిన గొప్ప ఆనందములలో దానిని ఒకటిగా ఆయన పలుమారు చెప్పుచుండెడివారు.

2014లో భారతదేశము పోలియో లేని దేశముగా ప్రకటింపబడినది. అయినను సెరెబ్రల్ పాల్సీ చేతను, ప్రమాదములచేతను నడక కొరవడిన బిడ్డలు కలరు. వారికి చక్రముల కుర్చీ ఇచ్చి, గుమ్మమునకు మూడు మెట్లు విడిచినయెడల కుర్చీ వాకిటనే నిలుచును. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలు కావలెనను లెక్క కలదు. అర్ధడుగు మెట్లు మూడున్నచో పదునెనిమిది అడుగుల వాలు కట్టవలెను. వాలు కట్టుటకు చోటు లేనియెడల తరగతిని క్రిందికి దింపవచ్చును. పదవ తరగతి మేడమీదనే యుండవలెనని ఏ శాస్త్రమునను లేదు. మరుగుదొడ్డి తలుపు వెడల్పును చూడవలెను. దానిలోనికి పోలేని ఆడుబిడ్డ ప్రొద్దుటినుండి నీరు త్రాగదు. కొలదికాలమునకు బడి మానును.

చదువుటయు పలుకుటయు

కన్ను, చెవి, కాలు చక్కగానున్నను అక్షరము వశము కాని బిడ్డలు కొందరు కలరు. డిస్లెక్సియా యనబడు ఈ యిబ్బందిని 2016 చట్టము వైకల్యములలో చేర్చినది. బుద్ధి తక్కువై ఇది కలుగదు. మన లిపిలో ప, ఫ, ష, వ ఒకదానినొకటి పోలియుండును. మ, య అట్టివే. ద, ధ, థ లకు భేదము ఒక చుక్కలోనో గీతలోనో యున్నది. వత్తులును గుణింతములును చేరినప్పుడు ఈ బిడ్డ కన్నునకు అక్షరములు కలగాపులగమగును. ఇట్టివానికి ఫోను పాఠమును పైకి చదువుచుండగా, పలుకుచున్న మాటను తెరమీద కన్నుతో అనుసరించుట మేలు చేయును. అక్షరములు పెద్దవిగాను వరుసలు ఎడముగాను ఉండవలెను. నోటితో చెప్పినదానిని వ్రాతగా మార్చు సౌకర్యమువలన తలలోనున్న జవాబు కాగితముమీదికి వచ్చును. సోమరియని పేరుపడిన వాని జవాబును మొదటిసారి నోట వినిన ఉపాధ్యాయుడు ఆశ్చర్యపడును.

మాట రాని బిడ్డలకు బొమ్మల పలక సాధనము. నీరు, ఆకలి, నొప్పి, ఔను, కాదు మొదలగు బొమ్మలను అట్టమీద అంటించి చూపుమనవచ్చును. చెన్నపట్టణమున రూపొందిన ఆవాజ్ వంటి యాపులలో బొమ్మను తాకినంతనే టాబ్లెట్టు ఆ మాటను పలుకును. విశ్వరహస్యములను పరిశోధించిన స్టీఫెన్ హాకింగ్ 2018లో మరణించువరకు ఎన్నో ఏండ్లు యంత్రముద్వారానే మాటలాడెను. బుద్ధిమాంద్యముగల బిడ్డల విషయమున, 1984లో సికింద్రాబాదులో స్థాపింపబడిన జాతీయసంస్థ మన రాష్ట్రముననే యున్నది. మనోవికాస్ నగర్‌లోని ఆ సంస్థలో పరీక్షయు సలహాయు పొందవచ్చును. ప్రభుత్వముచేత మండలములలో ఏర్పడిన భవిత కేంద్రములలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉందురు; సమీపమున మొదట విచారింపవలసినది అచ్చటనే.

తలిదండ్రులు కొందరు, ఒకనికి ఫోనిచ్చి తమ బిడ్డకు ఏల ఇయ్యరని అడుగవచ్చును. కన్నుల జోడు పెట్టుకొన్న పిల్లవానిని చూచి అట్లు ఎవరును అడుగరు. జోడు కూడ యంత్రసాహాయ్యమే. అలవాటైనందున మనకు వింతగా తోచదు. అయితే ఆటలును వీడియోలును తీసివేసి, పాఠమునకు కావలసినవి మాత్రమే ఉంచుట ఉపాధ్యాయుని బాధ్యత. సాధనము చెడినప్పుడు బాగుచేయించువారెవరో కొనుటకు ముందే నిర్ణయింపవలెను. బీరువాలో తాళము వేసి భద్రపరచిన పరికరము బిడ్డకు లేనట్టిదే.

ఏ సాధనము కావలెనో నిర్ణయించునప్పుడు మనము మొట్టమొదట అడుగవలసినది ఆ బిడ్డనే. యెరికో త్రోవప్రక్కను కూర్చున్న బర్తిమయి కేకవేసినప్పుడు చుట్టునున్నవారు అతనిని ఊరకుండుమనిరి. ప్రభువు మాత్రము అతనిని పిలిపించి, ఏమి కావలెనో చెప్పుమని అడిగెను. గ్రుడ్డివానికి ఏమి కావలెనో చూచిన వెంటనే తెలియునుగదా! అయినను ఆయన అడిగెను. తరగతిలో ఒక బిడ్డకు బ్రెయిలీ ఇష్టము, మరియొకనికి శబ్దము ఇష్టము. ఒకతెకు ముందు బల్ల మేలు, మరియొకతెకు స్నేహితురాలి ప్రక్క చోటు మేలు. అడిగినగాని తెలియదు.

కొల్లూరు చుట్టుపట్ల ఇండ్లలో ఇట్టి బిడ్డలు ఇంకను బడికి రాకుండ నున్నయెడల, వారి తలిదండ్రులకు ఈ పత్రికను చదువువారు ఈ మాట చేర్చవలెనని వేడుకొనుచున్నాము. సిగ్గుపడి దాచవలసినది ఏమియు లేదు. వచ్చు జూనులో బడి తెరచునాటికి బిడ్డను తోడుకొని రండు. ధ్రువపత్రము ఇంకను చేతికి రాకున్నను రండు. దానికి దరఖాస్తు వ్రాయుటలో తోడ్పడెదము. ఏ బల్లమీద కూర్చుండవలెనో, ఏ పుస్తకము ఏ రూపమున కావలెనో, ఎవరు ప్రక్కన చదివి వినిపింతురో ఆ బిడ్డతోనే కలిసి మాటలాడి నిశ్చయింతము.